గ్యాస్ మాత్ర ఆపాకే పరీక్ష

బెంగళూరు మారతహళ్ళిలో మా క్లినిక్‌కి నెలల తరబడి అజీర్తి, పైకడుపులో మంటతో వచ్చే మనవాళ్ళని నేను ముందు అడిగేది, "పొద్దున పరగడుపున ఏ మాత్ర వేసుకుంటున్నారు?" అని. జేబులోంచి పాంటోప్రజోల్ అనే గ్యాస్ మాత్ర స్ట్రిప్పు తీస్తారు, సగం ఖాళీ. అది వాడుతూ హెచ్. పైలోరీ (కడుపులో పుండ్లు తెచ్చే క్రిమి) పరీక్ష చేయిస్తే క్రిమి ఉన్నా లేదని రావచ్చు. అందుకే ఆ మాత్ర కనీసం 2 వారాలు ఆపిస్తాను. యాంటీబయాటిక్స్ వాడి ఉంటే 4 వారాలు ఆగాలి. అప్పుడు మలంలో యాంటిజెన్ (క్రిమి ఆనవాళ్ళు) పరీక్షో, యూరియా శ్వాస పరీక్షో రాస్తాను. రక్తపరీక్ష వద్దంటాను, ఎప్పుడో పోయిన ఇన్ఫెక్షన్‌కీ పాజిటివ్ చూపించగలదు. క్రిమి ఉందని తేలితే మందుల కోర్సు ఇస్తాను, అది అయిన 4 వారాలకి మళ్ళీ పరీక్ష. "తగ్గిపోయింది కదా డాక్టర్‌గారూ" అని ఇక్కడే ఎగ్గొడతారు! కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా మాత్రం ఆగను, నేరుగా ఎండోస్కోపీకే పంపుతాను.