వసంతకాలపు వాతావరణం, ద్రాక్ష పూత: నాపా, సోనోమా తోటల జాగ్రత్తలు

కాలిఫోర్నియాలోని నాపా, సోనోమా లోయలలో చలికాలమంతా ఆకు లేకుండా ఉన్న ద్రాక్ష తీగ, రోజువారీ సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దాటి నిలిచిన తరువాత, సాధారణంగా మార్చిలో చిగురిస్తుంది. అక్టోబరులో కత్తిరించి వేసవి ఆరంభంలో గుత్తులు కోసే తెలంగాణ తోటలకు అలవాటు పడినవారికి ఈ క్రమం తలకిందులుగా తోస్తుంది. ఇక్కడ మే నెల పూతకాలం.

చిగురించాక మొదటి ముప్పు గడ్డకట్టే చలి. మూసుకున్న మొగ్గ కొంత తట్టుకుంటుంది గాని, లేత చిగురు సున్నాకు రెండు డిగ్రీలు దిగువన మాడిపోతుంది. పక్కనున్న ఉపమొగ్గలు మళ్ళీ చిగురించినా, వాటికి చాలా రకాలలో గుత్తులు తక్కువే. దీనికి అన్నిటికన్నా చవకైన ఉపాయం, నా ఉద్దేశంలో, కత్తిరింపును ఆలస్యం చేయడమే: కొసమొగ్గలు ముందుగా చిగురించి అడుగుమొగ్గలను ఆపి ఉంచుతాయి కనుక, చలికాలంలో కొమ్మలను పొడవుగా వదిలి, కొసలు చిగురించాక తుది కత్తిరింపు చేస్తే, పంటకు ఉంచుకున్న మొగ్గలు వారం పది రోజులు వెనుకబడతాయి. వరుసల మధ్య గడ్డిని పొట్టిగా కోసి, నేలను దున్నకుండా తేమగా ఉంచితే, పగలు పట్టిన వేడిని అది రాత్రి విడుస్తుంది. పెద్ద పంకాలు పైనున్న వెచ్చని గాలిని కిందికి తెస్తాయి. గాలి కదలని, మబ్బు లేని రాత్రులలోనే వాటి వల్ల ప్రయోజనం. తుంపర సేద్యంతో కాపాడేవారు మాత్రం చిగురుపై పేరుకున్న మంచు కరిగేవరకు నీరు ఆపకూడదు, ఎందుకంటే రక్షించేది నీరు గడ్డకట్టేటప్పుడు వెలువడే వేడి. మధ్యలో ఆపితే తడి ఆవిరవుతూ చిగురును మరింత చల్లబరుస్తుంది.

చిగురించిన ఆరు నుంచి తొమ్మిది వారాలకు పూత వస్తుంది. ద్రాక్షపూవు రేకులు విచ్చుకోవు. టోపీలా కలిసి అడుగునుంచి ఊడి రాలతాయి. 20 నుంచి 30 డిగ్రీల పొడి వాతావరణంలో ఇది చకచకా సాగుతుంది. వాన పడినా, ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగువన నిలిచినా, టోపీ ఊడక, పుప్పొడి సరిగా మొలకెత్తక పూత రాలుతుంది, లేదా గుత్తిలో పెద్ద కాయల నడుమ చిట్టి కాయలు మిగులుతాయి. వానను ఆపలేము గాని, ఈ దశలో నత్రజని ఎక్కువ వేసి కొమ్మలను ఏపుగా పెంచడం మానవచ్చు. ఆ కొమ్మలు పిందెకు అందవలసిన ఆహారాన్ని లాగేసుకుంటాయి. సాగు రకాలు దాదాపు అన్నీ స్వపరాగ సంపర్కం జరుపుకుంటాయి కాబట్టి తేనెటీగల పెట్టెలు అవసరం లేదు. బూడిద తెగులుకు గంధకం చల్లడం మాత్రం పూతకు ముందే, చిగుళ్ళు జానెడు పెరగకమునుపే మొదలుపెట్టాలి.

వచ్చే ఏటి గుత్తులకు మూలాలు కూడా ఈ పూతకాలంలోనే మొగ్గలలో ఏర్పడతాయి, వాటికి వెలుతురు, వెచ్చదనం కావాలి. మే నెల మబ్బుగా, చల్లగా గడిచిన ఏడాది, చలికాలపు కత్తిరింపుకు ముందు కొన్ని మొగ్గలను కోసి భూతద్దంతో పరీక్షించి, గుత్తి మూలాలు తక్కువగా కనిపిస్తే తీగకు కొన్ని మొగ్గలు అదనంగా ఉంచాలి.