కోడింగ్ రాకుండా సంపాదించే వెబ్‌సైట్ – 3వ పాఠం: పేరు, మొదటి పేజీ

ఎవరికి, ఏం అమ్ముతారో ఒక్క వాక్యంలో రాసుకోమని కిందటి పాఠంలో చెప్పాను. ఈసారి ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంట్లోనే మగ్గం వర్క్ చేసే ఒక గృహిణి అనుకోండి. "బ్లౌజులు చేస్తాను" అంటే చాలదు. "పెళ్లికి పట్టుచీర కొన్నవాళ్లకు ముహూర్తానికి వారం ముందే మగ్గం వర్క్ బ్లౌజు అందిస్తాను" అనాలి. మీ వాక్యం ఇంత స్పష్టంగా లేకపోతే ముందు దాన్ని సరిచేసుకుని, తర్వాతే ముందుకు రండి.

ఇక పేరు, అంటే డొమైన్. మీ సైట్ తెరవడానికి జనం టైప్ చేసే అడ్రస్ ఇదే. డాట్ ఇన్ పేర్లు 2005 నుంచి అందరికీ దొరుకుతున్నాయి. వాటి నిర్వహణ నిక్సీ అనే సంస్థది, మనకు అమ్మేది రిజిస్ట్రార్ కంపెనీలు. మొదటి ఏడాది ఆఫర్ చూసి తొందరపడకండి, రెండో ఏడాది రెన్యూవల్‌కు ఎంత కట్టాలో చూసి కొనండి. ఫోన్‌లో చెప్తే అవతలివాళ్లు ఒక్కసారికే తప్పు లేకుండా టైప్ చేయగలిగే పేరు కావాలి. లక్ష్మి అని పెడితే 'క్ష'ను ఒకరు ఎక్స్‌తో కొడతారు, ఇంకొకరు కె ఎస్ హెచ్‌తో కొడతారు.

అన్నిటికంటే ముఖ్యం, డొమైన్ మీ ఈమెయిల్, మీ ఫోన్ నంబర్ మీదే ఉండాలి. సైట్ చేసిపెట్టినతని అకౌంట్‌లో ఉంటే, రేపు అతను ఫోన్ ఎత్తకపోతే మీ షాపు బోర్డు అతని ఇంట్లో ఉన్నట్టే. ఎంత దగ్గరివాళ్లయినా ఈ విషయంలో మొహమాటపడకండి.

సైట్ కట్టడానికి గూగుల్ సైట్స్ చాలు. జీమెయిల్ ఉంటే ఉచితం, కొన్న డొమైన్‌ను దానికి కలుపుకోవచ్చు. సైట్లు కట్టే ఇంకో సాధనం వర్డ్‌ప్రెస్ గురించి తర్వాత చూద్దాం.

అసలు కష్టపడాల్సింది మొదటి పేజీ మీద. పెళ్లి పనుల టెన్షన్‌లో ఉన్న తల్లి ఆ పేజీ తెరిచిందనుకోండి. ఎంతవుతుంది, ఎన్ని రోజులు పడుతుంది, ఆది జాకెట్టు ఇవ్వాలా, లైనింగ్ మీరే వేస్తారా, చీర కూడా తేవాలా? ఆమెకు కావలసినవి ఇవే. వీటికి జవాబులు పైనే ఉండాలి. "మా గురించి" అడుగున పెట్టండి.

ధర రాయడానికి చాలామంది జంకుతారు. రాయండి. చేతుల అంచుకు మాత్రమే వర్క్ అయితే ఇంత నుంచి, వీపు మీద కూడా నిండుగా జర్దోసీ అయితే ఇంత నుంచి అని రాస్తే చాలు. "ధరకు సంప్రదించండి" అని చూడగానే బేరం చేయడం ఇష్టంలేనివాళ్లు వెళ్లిపోతారు, వాళ్లలో మంచి కస్టమర్లే ఎక్కువ. ఫోటోలు మీ పనివే పెట్టండి. పగటి వెలుతురులో, కిటికీ పక్కన, పూస పూసా కనిపించేంత దగ్గరగా ఒకటి, బ్లౌజు మొత్తం కనిపించేలా ఒకటి తీయండి.

పేజీలో బటన్ ఒక్కటే, వాట్సాప్‌కు. లింకు ఇలా ఉంటుంది: డబ్ల్యూ ఏ డాట్ ఎం ఈ, స్లాష్, 91, వెంటనే మీ పది అంకెల నంబర్. ప్లస్ గుర్తు, ఖాళీలు ఉండకూడదు.

యాడ్‌సెన్స్, అంటే మన సైట్‌లో ప్రకటనలు చూపించి గూగుల్ డబ్బిచ్చే పద్ధతి, పెట్టొచ్చా అని అడుగుతుంటారు. తెలుగు సైట్లకూ ఇస్తారు. కానీ సంపాదన 10 డాలర్లకు చేరాక అడ్రస్ సరిచూడటానికి పోస్టులో పిన్ వస్తుంది, 100 డాలర్లు దాటితేనే డబ్బు చేతికందుతుంది. ప్రకటనల మీద అంత రావాలంటే జనం వేలల్లో రావాలి. మన సైట్‌కు నెలకు పది మంది వచ్చి, వాళ్లలో ఇద్దరు ఆర్డరిస్తే చాలు. అందుకే ఇప్పుడే ప్రకటనలు వద్దంటాను.

ఈ వారం పని: మీ వాట్సాప్‌లో పాత కస్టమర్లు అడిగిన ప్రశ్నలు వెతికి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. జవాబులు మీ భాషలో రాసి పేజీలో పెట్టండి. 4వ పాఠంలో గూగుల్ మ్యాప్‌లో మీ పేరు కనిపించేలా చేద్దాం. దానికి మీ ఇంటి అడ్రస్ అందరికీ చూపించక్కర్లేదు, ఆ సంగతీ అప్పుడే చెప్తాను.