నెల్లూరులో బండి కదలకపోతే: ఎక్కడ పట్టేసిందో చూసుకునే పద్ధతి

బండి స్టార్ట్ కాకపోతే మెకానిక్ మొదట ప్లగ్గు విప్పి చూస్తాడు. ఊళ్ళో ట్రాఫిక్ ఆగిపోతే మాత్రం మనం నేరుగా ఇంజను దించే మాటే ఎత్తుతాం: రోడ్డు వెడల్పు చెయ్యాలి, ఫ్లైఓవర్ కట్టాలి. వేదాయపాళెం నుంచి స్టోన్‌హౌస్‌పేట దాకా ఏళ్ళ తరబడి తిరిగాక నాకు తేలిందేమంటే, మన ఊళ్ళో జబ్బు ఎక్కువగా అతుకుల దగ్గరే ఉంది. బస్సు దిగి ఆటో ఎక్కే చోట, ఆటో దిగి నడిచే చోట, పట్టాలు దాటే చోట.

రోడ్డు వెడల్పుగానే ఉంది, సెంటర్లో మాత్రం కదలదు

వీఆర్సీ సెంటరో, గాంధీబొమ్మో, పొద్దున తొమ్మిదికి ఓ పది నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. మలుపులోనే సర్వీస్ ఆటో ఆగుతుంది. వెనక సీట్లో ఇద్దరున్నారు, మూడో మనిషి ఎక్కితేగానీ గిట్టదు. డ్రైవరు ఒక కాలు బయటపెట్టి "వేదాయపాళెం, వేదాయపాళెం" అని కేకేస్తుంటాడు. ఇంతలో బస్సొస్తుంది. తను ఆగాల్సిన చోట ఆటో ఉంది కాబట్టి నడిరోడ్డు మీదే ఆగుతుంది. మొన్న ఒకావిడ చంకన పిల్లాడితో మెట్టు దిగబోయి, బస్సుకీ ఆటోకీ మధ్య సందులో దూసుకొచ్చే స్కూటీని చూసి మళ్ళీ లోపలికెక్కింది. అప్పటికి వెనక హారన్లు మొదలయ్యాయి.

దీన్ని ఆటోవాళ్ళ పొగరు అనడం తేలిక. అసలు కారణాలు రెండు. సీట్లు నిండితేనే రోజు కూలి గిట్టే లెక్క ఒకటి, ఫలానా చోట నిలబడమని గీత గీసి చూపించకపోవడం ఇంకొకటి. ఫైను రాస్తే పక్క మలుపుకు పోతాడు, అంతే.

మందు: బస్టాపు సిగ్నలుకు ముందు ఉంటే దాటాక వచ్చేట్టు జరపాలి. ముందుంటే ఆగిన బస్సు ఎడమకు తిరిగేవాళ్ళ దారి కూడా మూసేస్తుంది. బస్టాపు తర్వాత ఓ ముప్పై అడుగులు వదిలి ఆటోలకు గీతలు గీయాలి. మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ ఇలా ఆగే చోట్లు నిర్ణయించడానికే ఉంది. దీనికి పెయింటు డబ్బా, రెండు బోర్డులు, మొదటి నెల ఒక కానిస్టేబులు చాలు.

బస్సులో కాలు పెట్టే చోటు లేదు, ఆటోలేమో బేరాల్లేక నిలబడ్డాయి

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలై పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు డబ్బులు కట్టే పని లేకుండా పోయింది. మంచిదే. కానీ బస్సూ ఆటో ఒకే ట్రంకు రోడ్డు మీద ఒకే మనిషి కోసం పోటీ పడితే ఇద్దరికీ నష్టం. పెద్ద రోడ్డు బస్సుకు వదిలి, బాలాజీనగర్, హరనాథపురం లాంటి కాలనీల సందుల్లోంచి బస్టాపు దాకా తెచ్చే పని ఆటోకి ఇవ్వాలి. చిన్న దూరం, ఎక్కువ ట్రిప్పులు. ఛార్జీ ముందే బోర్డు మీద రాసుంటే బేరమాడే పని కూడా తప్పుతుంది.

వాన పడితే ఊరు రెండు ముక్కలు

ఇది అన్నిటికన్నా పాత జబ్బు. గూడూరు, విజయవాడల మధ్య రైలు పట్టాలు ఊరి మధ్యగా పోతాయి. దాటడానికి చాలామందికి మాగుంట లేఅవుట్, రామలింగాపురం లాంటి అండర్ బ్రిడ్జిలే దిక్కు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. బ్రిడ్జి కింద నిండగానే అటు ఆఫీసు, ఇటు ఇల్లు.

నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ముందు తేల్చుకోవాలి. వాన మొదలైన పావుగంటకు గొడుగేసుకుని వెళ్ళి చూడండి (నేను వెళ్ళాను, చెప్పులు పోయాయి). బ్రిడ్జి పైనుంచి పడేది కొంచెమే. వీధుల్లోని నీళ్ళు రెండు వైపుల వాలు మీదుగా పళ్ళెంలోకి జారినట్టు దిగుతున్నాయంటే పెద్ద మోటారు పెట్టినా లాభం లేదు. వాలు మొదలయ్యే చోట రోడ్డును కొద్దిగా ఎత్తి గట్టులా చెయ్యాలి, దాని ముందు అడ్డంగా జాలీ కాలువ వేసి నీళ్ళను పక్కకు మళ్ళించాలి. అలా కాకుండా వాన ఆగాక గంటలు గడిచినా నీళ్ళు తగ్గట్లేదంటే, జబ్బు మోటారులోనో పూడిపోయిన కాలువలోనో ఉంది. ఆ పూడిక సెప్టెంబరు లోపు తియ్యాలి. మోటారుకు జనరేటరు ఉండాలి, ఎందుకంటే మన దగ్గర వానా కరెంటు కోతా కలిసే వస్తాయి.

ఇవన్నీ జరిగేలోపు చవకైన పని ఒకటుంది: గోడ మీద అడుగుల లెక్కన ఎర్ర గీతలు. అడుగు నీళ్ళు చాలు చిన్న కారు తేలడానికి. గీత కనిపిస్తే జనం వెనక్కి తిరుగుతారు.

ఫుట్‌పాత్ ఉంది, జనం రోడ్డు మీదే నడుస్తారు

మా అమ్మను వెంటబెట్టుకుని ట్రంకు రోడ్డు మీద వంద గజాలు నడిస్తే నాకు కారణం దొరికింది. ప్రతి షాపు దగ్గరా ర్యాంపు, ప్రతి ర్యాంపుకూ దిగాలి, ఎక్కాలి. ఐదోసారి ఆమె దిగి, మళ్ళీ ఎక్కలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల ప్రకారం నడవడానికి కనీసం 1.8 మీటర్లు అడ్డం లేకుండా ఉండాలి, ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. తోపుడు బండ్లను తరిమెయ్యడం పరిష్కారమని నేననుకోను. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్ళకు చోటు చూపించమంటోంది. ఆ 1.8 మీటర్లు వదిలి అవతల చూపిస్తే సరిపోతుంది.

అర్జీ ఇచ్చినా కదలదు

కాలువ కార్పొరేషన్‌ది, బ్రిడ్జి రైల్వేది, బస్సు ఆర్టీసీది, ఆటోలు ట్రాఫిక్ పోలీసులవి. ఒక కాగితంలో అన్నీ రాస్తే అది అందరి దగ్గరా తిరిగి ఎవరి దగ్గరా ఆగదు. నేను ఒకసారి నాలుగు పేజీలు రాసిచ్చి అలాగే పోగొట్టుకున్నా. ఒక చోటు, ఒక ఫొటో, ఒక పని. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇస్తూ, జిల్లా రహదారి భద్రతా కమిటీ ముందు పెట్టమని అందులోనే రాయండి. ఈ శాఖల్లో చాలావరకు ఒకే బల్ల చుట్టూ కూర్చునేది అక్కడ. రసీదు నంబరు ఫోన్లో ఫొటో తీసిపెట్టుకోండి, వచ్చే సోమవారం అదే అడుగుతారు.