రెండు సైట్ల శాన్‌ని ఎఫ్‌సీఐపీతో కలపాలంటే నో షట్ కొట్టే ముందు ఏం చూడాలి

హైదరాబాద్‌లో మెయిన్ సైట్, ముంబైలో డీఆర్ (మెయిన్ సైట్ పడిపోతే నడిపించే సైట్) అనుకోండి, రెండు చోట్లా శాన్ (సర్వర్లకీ స్టోరేజ్‌కీ మధ్య నెట్‌వర్క్) నడిపే ఫైబర్ ఛానల్ స్విచ్‌లు దేనికది నడుస్తున్నాయి, ఇప్పుడు స్టోరేజ్ రెప్లికేషన్ కోసం ఐపీ లింక్ మీద రెండిటినీ కలపాలి. దానికే ఎఫ్‌సీఐపీ, ఫైబర్ ఛానల్ ఫ్రేమ్‌ని టీసీపీలో పెట్టి అవతలి స్విచ్‌కి పంపేస్తుంది. సిస్కో ఎండీఎస్ స్విచ్‌ల పద్ధతిలో చెప్తాను.

టన్నెల్ లేపడం తేలికే అండి. ఫీచర్ ఎనేబుల్ చేసి, ప్రొఫైల్‌లో మన ఐపీ, ఇంటర్‌ఫేస్‌లో అవతలి ఐపీ ఇచ్చి, ఫైర్‌వాల్‌లో టీసీపీ 3225 తెరిపిస్తే చాలు.

భయపడాల్సింది మెర్జ్ దగ్గర. నో షట్ కొట్టి, అంటే ఇంటర్‌ఫేస్ ఆన్ చేసి, లింక్ అప్ అయిందంటే రెండు ఫ్యాబ్రిక్‌లు (ఒక్కో సైట్ స్విచ్‌ల నెట్‌వర్క్) ఒకటైపోతాయి, జోనింగ్ (ఏ సర్వర్‌కి ఏ స్టోరేజ్ కనపడాలన్న రూల్స్) కూడా ఒకటే. అందుకని ముందు రెండు వైపులా డొమైన్ ఐడీలు (ఒక్కో స్విచ్‌కి ఉండే నంబర్) చూడండి, ఒకే నంబర్ ఉంటే లింక్ ఐసోలేట్ అయి, అంటే కలవకుండా విడిగా, కూర్చుంటుంది. సరే మార్చేద్దాం అని పగలు మాత్రం ముట్టుకోవద్దు, ఎందుకంటే పోర్టు అడ్రస్ అయిన ఎఫ్‌సీఐడీలో మొదటి బైటే డొమైన్ ఐడీ, అది మారితే ఆ స్విచ్ మీదున్న ప్రతి పోర్టు అడ్రస్ మారిపోతుంది, పాత హెచ్‌పీ-యూఎక్స్ సర్వర్లయితే డిస్క్ పాత్‌లే పోతాయి. డౌన్‌టైమ్ తీసుకునే చేయండి. తర్వాత యాక్టివ్ జోన్‌సెట్‌లు (ఇప్పుడు అమల్లో ఉన్న జోన్ల జాబితాలు) పక్కపక్కన పెట్టి చూడండి, ఒకే పేరున్న జోన్‌లో రెండు చోట్లా మెంబర్లు వేరేవేరే ఉంటే మెర్జ్ ఫెయిలే. అప్పుడు తొందరపడి జోన్‌సెట్ ఇంపోర్ట్ (అవతలి జోన్‌సెట్‌ని ఇటు తెచ్చుకోవడం) కొట్టారంటే ఒకవైపు జోన్లు పోయి అక్కడి సర్వర్లకి డిస్కులు కనపడవు, ముందు బ్యాకప్ తీసుకోండి.

నన్నడిగితే మొత్తం కలపనే వద్దు. రెప్లికేషన్ పోర్టులకి విడిగా ఒక వీశాన్ (అవే స్విచ్‌ల మీద విడగొట్టిన వర్చువల్ శాన్) పెట్టి, ట్రంక్‌లో (వీశాన్‌లని మోసే లింక్) అదొక్కటే అలౌ చేయండి, ప్రొడక్షన్ వీశాన్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి. వేరేవేరే వీశాన్‌ల మధ్య మాట్లాడించాలంటే ఐవీఆర్ (ఇంటర్-వీశాన్ రౌటింగ్) ఉంది.

ఇక స్పీడ్. ఫైబర్‌లో కిలోమీటర్‌కి 5 మైక్రోసెకన్లు, అంటే 700 కిలోమీటర్లకి పోనూరానూ 7 మిల్లీసెకన్లు లైట్‌కే పోతుంది, పైగా ఒక్క స్కసీ రైట్‌కి (డిస్క్ మీద రాసే ఒక్క కమాండ్‌కి) మామూలుగా రెండు రౌండ్లు తిరగాలి, ఒకటి రెడీ అనిపించుకోడానికి, ఇంకోటి డేటా పంపి స్టేటస్ తెచ్చుకోడానికి. రైట్ యాక్సిలరేషన్ ఆన్ చేస్తే ఒక రౌండ్ తగ్గుతుంది, రెండు వైపులా ఆన్ చేయాలి. ప్రొఫైల్‌లో మ్యాక్స్ బ్యాండ్‌విడ్త్ డిఫాల్ట్‌గా 1000 ఎంబీపీఎస్, రౌండ్ ట్రిప్ 1 మిల్లీసెకను ఉంటాయి, మీ లింక్ 100 అయితే అలా వదిలేస్తే డ్రాపులే డ్రాపులు, మీ లింక్ అసలు బ్యాండ్‌విడ్త్, పింగ్ కొట్టి వచ్చిన అసలు రౌండ్ ట్రిప్ పెట్టండి. ఫ్రేమ్ 2148 బైట్ల దాకా వస్తుంది కాబట్టి దారి పొడుగునా ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 2300 ఇప్పించగలిగితే ముక్కలవ్వకుండా పోతుంది.

అన్నీ అయ్యాక నో షట్ కొట్టి, ఇంటర్‌ఫేస్ ట్రంకింగ్‌లో ఉందా, ఏ వీశాన్ అయినా ఐసోలేటెడ్ అంటోందా చూసి, రెండు స్విచ్‌ల మీదా కాన్ఫిగ్ సేవ్ చేయండి.