కెమెరా లేకుండా ఇన్‌స్టంట్ ఫొటో: షీట్ ఎక్కడ చెడింది?

పూర్తి చీకట్లో ఇన్‌స్టాక్స్ షీట్ మీదో పోలరాయిడ్ షీట్ మీదో (రెండూ దానంతటదే డెవలప్ అయ్యే ఇన్‌స్టంట్ ఫిల్మ్‌లే) ఆకు, జాలీ గుడ్డ, గాజు ముక్క లాంటివి పెట్టి క్షణం పాటు లైటు వేస్తాం. తర్వాత చీకట్లోనే షీటును ఖాళీ కార్ట్రిడ్జ్‌లో (ఫిల్మ్ షీట్లు ఉండే పెట్టెలో) పెట్టి, లెన్స్ మూసిన కెమెరాలోంచి బయటికి తీస్తాం. ఇక్కడ కెమెరా కేవలం రోలర్ యంత్రం, షీటు అంచులో ఉండే డెవలపింగ్ పేస్టును షీటంతా పరుస్తుంది.

చెడిన షీటును పారేయకండి. మచ్చ మెత్తగా నీడలా పరుచుకుంటే తప్పు లైటుది. మూల తెగినట్టో, అడ్డంగా చారలానో ఉంటే తప్పు పేస్టుది.

షీటంతా తెల్లబడింది

అందరికీ మొదట ఎదురయ్యేది ఇదే. ఈ ఫిల్మ్‌లో వెలుగు తగిలిన చోట తెలుపు వస్తుంది, తగలని చోట నలుపు ఉంటుంది. ఇన్‌స్టాక్స్ ఐఎస్ఓ (వెలుగును పట్టే గుణం) 800, అంటే చిన్న మెరుపే ఎక్కువ. ఎర్ర బల్బు కూడా వద్దు, ఈ ఫిల్మ్‌కు ఎరుపూ కనిపిస్తుంది. ఛార్జర్ మీద మిణుకుమనే లైటును కూడా కప్పేయండి.

టార్చ్ ముఖానికి నల్ల కాగితం చుట్టి సూదితో ఒక బెజ్జం చేయండి, దూరంగా పట్టుకోండి. ఒక షీటును పరీక్షకే కేటాయించండి. నల్ల అట్టను పావు వంతు చొప్పున జరుపుతూ నాలుగుసార్లు వెలిగిస్తే నాలుగు పట్టీలు వస్తాయి. నచ్చిన పట్టీకి ఎన్నిసార్లు వెలుగు పడిందో తెల్ల అంచు మీద రాసుకోండి. ఒక షీటు పోతుందని బాధ ఉంటుంది, కానీ మిగతా ప్యాక్‌ను కాపాడేది అదే.

అంచులు మసకగా ఉన్నాయి

లైటు పెద్దదైనా, వస్తువు షీటుకు ఆనకపోయినా ఇలా వస్తుంది. సూది బెజ్జం దీనికీ మందే.

అంతా నలుపే

వెలుగు తప్పు వైపు పడి ఉంటుంది. పోలరాయిడ్‌కు వెలుగు బొమ్మ కనిపించే వైపు నుంచే వెళ్తుంది. ఇన్‌స్టాక్స్‌కు వెనక నుంచి వెళ్తుంది, కాబట్టి వస్తువులను వెనక వైపే పరచాలి. ఎడమ పక్కన పెట్టిన ఆకు ఫొటోలో కుడి పక్కకు వస్తుంది, అమరికను దానికి తగ్గట్టు ఆలోచించుకోండి.

మూలల్లో బొమ్మ లేదు, అడ్డ చారలు

వెడల్పు అంచులోని సంచిలో ఉన్న పేస్టు సమానంగా పరుచుకోలేదు. రోలర్లను తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. వస్తువులు సర్దేటప్పుడు ఆ సంచిని నొక్కకండి. చేత్తో రోల్ చేస్తే సంచి వైపు నుంచి మొదలుపెట్టి ఒకే వేగంతో చివరిదాకా వెళ్లండి, మధ్యలో ఆగిన చోటే చార పడుతుంది. పేస్టు క్షార గుణమున్న కెమికల్. గ్లవ్స్ తప్పనిసరి, చర్మానికి అంటితే వెంటనే బాగా కడగండి.

రంగు మారింది

పోలరాయిడ్ కలర్ ఫిల్మ్‌కు 13 నుంచి 28 డిగ్రీలు అనుకూలం. చలికి వెలిసి నీలంగా, వేడికి పసుపు ఎరుపు ఛాయతో వస్తుంది. చల్లగా ఉంటే డెవలప్ అయ్యేదాకా షీటును లోపలి జేబులో పెట్టుకోండి. నీలమే కావాలంటే బయటే ఉంచండి.