ఇంటి అక్వేరియంలో నత్తల అదుపు – 4వ పాఠం: ఏ చేపను తేవాలి, ఎలా దింపాలి

గత పాఠంలో ఇచ్చిన పని చేసి ఉంటే ఈపాటికి మీకు రెండు సంగతులు తెలిసి ఉండాలి: మీ ట్యాంకులో ఉన్నది ఏ రకం నత్త, రాత్రి దోసకాయ ముక్క వేస్తే తెల్లారేసరికి దాని మీద ఎన్ని చేరుతున్నాయి. ఈ రెండూ తెలియకుండా చేపను కొనడానికి వెళ్లకండి. ముక్క మీద చేరినవాటిని రోజూ తీసి పారేస్తూనే ఉండండి. చిన్న చేప పెద్ద నత్త జోలికి పోదు. పెద్దవాటిని మనం చేత్తో తీస్తే, నత్త పిల్లలను చేప తినేస్తుంది.

మేత తగ్గించడం కూడా ఆపవద్దు. ట్యాంకుల్లో తరచూ కనిపించే చిన్న రకమైన బ్లాడర్ నత్తకు జత లేకపోయినా ఫరవాలేదు, ఒంటరిగానే గుడ్లు పెట్టగలదు. ఆకు వెనక కనిపించే జిగురు ముద్దలో గుడ్లు గుంపుగా ఉంటాయి, ఒకటి రెండు వారాల్లో పిల్లలు బయటికొస్తాయి. అడుగున మిగిలిన మేత దొరుకుతున్నంత కాలం ఆ పిల్లల్లో ఎక్కువ భాగం బతికేస్తాయి. అలాంటి ట్యాంకులో ఏ చేపను వదిలినా నత్తల లెక్క తగ్గదు.

ఇక చేపలు. నత్తలు తినే చేప కావాలని అడిగితే చాలామంది మొదట చెప్పేది క్లౌన్ లోచ్. నారింజ ఒంటి మీద నల్లటి పట్టీలతో పిల్లగా ఉన్నప్పుడు చాలా ముచ్చటగా ఉంటుంది, నత్తలనూ బాగా తింటుంది. కానీ అది సుమత్రా, బోర్నియో నదుల చేప. పెరిగితే 20 నుంచి 30 సెంటీమీటర్లు అవుతుంది, సరిగా చూసుకుంటే పదేళ్లు దాటి బతుకుతుంది, పైగా గుంపులోనే ఉండాలి. నత్తల బెడద కొన్ని నెలల్లో తీరిపోతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ చేప ఇరుకులో తిరగాలి. 60 లీటర్ల ట్యాంకులో దాన్ని వేయడం అన్యాయం. దయచేసి వద్దు. యోయో లోచ్ కూడా 12 సెంటీమీటర్లు దాటుతుంది కాబట్టి దానికీ ఇదే మాట.

లోచ్ అనే ఈ మీసాల చేపల జాతిలోనే కావాలనుకుంటే, ట్యాంకు కనీసం 75 సెంటీమీటర్ల పొడవు ఉన్నవాళ్లు డ్వార్ఫ్ చైన్ లోచ్ గురించి ఆలోచించవచ్చు. ఐదారు సెంటీమీటర్లకు మించదు. అరడజనుకు తగ్గకుండా గుంపుగా ఉంచాలి. ఒంటరిగా ఉంటే దాక్కుని చిక్కిపోతుంది. లోచ్ వేటాడే తీరు చూడదగ్గది. మూతిని నత్త గుల్ల నోట్లోకి దూర్చి, లోపలి మెత్తటి ఒంటిని లాగేసి, ఖాళీ గుల్లను వదిలేస్తుంది. అడుగున ఖాళీ గుల్లలు పెరుగుతుంటే పని జరుగుతోందన్నమాట. కంకర మొనలు గీసుకుని లోచ్ మీసాలు దెబ్బతినకుండా అడుగున మెత్తటి ఇసుక వేయండి.

30, 40 లీటర్ల ట్యాంకు ఉన్నవాళ్లు అడగాల్సిన చేప పీ పఫర్. పడమటి కనుమల నదుల్లో పుట్టిన ఈ చేప పెద్దదైనా మూడు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. కళ్లు రెండూ వేర్వేరుగా తిప్పుతూ నత్తను కాసేపు పరిశీలించి, అది ఒళ్లు బయటపెట్టగానే కొరుకుతుంది. చిన్న బ్లాడర్ నత్తల విషయంలో దీనికి సాటి వచ్చే చేప లేదని నా నమ్మకం. అయితే ఇది మిగతా చేపలతో కలిసి బతికే రకం కాదు. గప్పీల తోకలు, నెమ్మదిగా ఈదే చేపల రెక్కలు కొరికేస్తుంది. పొడి మేతను చాలావరకు ముట్టదు, రక్తపురుగుల (బ్లడ్‌వార్మ్స్) వంటి ఫ్రీజ్ చేసిన మేతో, బతికున్న మేతో పెట్టాలి. కాబట్టి ఇప్పటికే చేపలున్న ట్యాంకులో దీన్ని దింపకండి. దానికంటూ వేరే ట్యాంకు ఇవ్వగలిగితే, మీరు తీసే నత్తలన్నీ దానికి మేతగా వేయవచ్చు. నాకు బాగా నచ్చే ఏర్పాటు ఇదే. ప్రకృతిలో దీని సంఖ్య తగ్గుతోంది కాబట్టి ట్యాంకుల్లో పొదిగిన పిల్లలే కావాలని అడగండి.

బెట్టా (ఫైటర్ చేప) సంగతి కొందరు అడుగుతారు. కొన్ని బెట్టాలు నత్త పిల్లలను తింటాయి, పెద్దవాటి మీసాలు కొరుకుతాయి. కొన్ని అసలు పట్టించుకోవు. మీ ట్యాంకులో బెట్టా ముందే ఉంటే అది చేసినంత చేస్తుంది. నత్తల కోసమే కొత్తగా బెట్టాను తేవడం దండగ.

ఇంకో మాట. మీరు ముచ్చటపడి పెంచుకునే మిస్టరీ నత్తలు, నెరైట్ నత్తలు ఉంటే లోచ్‌కీ పఫర్‌కీ ఆ తేడా తెలియదు. వాటిని ముందే వేరే ట్యాంకులోకి మార్చండి. చిన్న రొయ్యలున్నా అంతే.

ఇప్పుడు దింపే పద్ధతి. కొత్త చేపను మూడు నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి రోగమేదైనా ఉందేమో చూడండి. లోచ్‌లకు పొలుసులు చాలా చిన్నవి, మందులను తట్టుకోలేవు, కాబట్టి ముందుజాగ్రత్త అంటూ పూర్తి మోతాదులో మందు పోయకండి. వాటి కళ్ల కింద ముల్లు ఉంటుంది, భయపడితే పైకి లేపుతాయి, వలలో ఇరుక్కుంటుంది. అందుకే వలతో కాక ప్లాస్టిక్ గిన్నెతో పట్టండి. సాయంత్రం లైటు ఆర్పేశాక ట్యాంకులోకి వదలండి. మర్నాడు అద్దం మీద రెండు మూడు చిన్న నత్తలను వేలితో నలిపి చూపిస్తే చేపకు రుచి తెలుస్తుంది. ఎక్కువ నలపకండి, తినకుండా మిగిలినవి కుళ్లి చేపలకు విషమైన అమ్మోనియా పుడుతుంది. నత్తల మందు పోసి ఒక్కసారిగా చంపడం వద్దని మొదటి పాఠం నుంచీ చెబుతున్నది కూడా ఇందుకే.

మొదటి రెండు వారాలు రెండు రోజులకోసారి నీళ్లలో అమ్మోనియా, దాని నుంచి పుట్టే మరో విషం నైట్రైట్ ఉన్నాయేమో పరీక్ష చేయండి. రెండూ సున్నా ఉండాలి. ఏది కనిపించినా ఆ రోజే మూడో వంతు నీళ్లు మార్చండి. చేపను ఆకలితో మాడిస్తే ఇంకా బాగా వేటాడుతుందన్న మాట నమ్మకండి, నీరసపడిన చేప వేటాడదు. మామూలు మేతలో నాలుగో వంతు తగ్గిస్తే చాలు. లోచ్‌లకైతే లైటు ఆర్పాక కిందికి దిగే మేత బిళ్ల ఒకటి వేయండి.

ట్రంపెట్ నత్తలు ఉన్నవాళ్లకు మాత్రం వేరే లెక్క. అవి గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లలనే కంటాయి, పగలంతా ఇసుకలో కూరుకుని ఉంటాయి. గుల్ల గట్టిది, చిన్న చేప నోటికి లొంగదు. వాటిని రాత్రిపూట ఎర వేసి పట్టే పద్ధతి వచ్చే పాఠంలో చూద్దాం.

అంతవరకు మీ పని ఒకటే. వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకు, ట్యాంకు ముందు వైపు అద్దం మీద కనిపించే నత్తలు లెక్కపెట్టి తేదీతో రాసుకోండి. చేప వచ్చాక ఆరు వారాలైనా లెక్క తగ్గకపోతే రెండో చేప కొనకండి. మేత ఎంత వేస్తున్నారో ఆ పక్కనే రాసి, వచ్చే పాఠానికి రెండూ ముందు పెట్టుకుని కూర్చోండి.