ఎయిర్ రైఫిలు గురి కుదరడం లేదా? ముందు స్క్రూలు, తరువాత నూనె

పది మీటర్ల దూరంలో పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్లు) ఒకచోట పడటం లేదంటూ నా దగ్గరికి రైఫిలు తెచ్చేవారు తీర్పు కూడా తామే చెప్పేస్తారు: ‘గొట్టం పోయింది, మార్చేయండి.’ గొట్టం అంత తేలిగ్గా పోదు. స్క్రూలు బిగించి చూశారా అని అడిగితే మాత్రం నేల చూపులు చూస్తారు.

నేను చెప్పేది గొట్టాన్ని కిందికి వంచి స్ప్రింగు ఎక్కించే .177 (గొట్టం లోపలి వ్యాసం 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు) రైఫిళ్ల గురించి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన రకం పోటీ రైఫిలు, సిలిండరులో ముందే నింపిన గాలితో పనిచేస్తుంది. కింద చెప్పబోయే నూనె గొడవ దానికి లేదు.

సమస్య: పెల్లెట్లు నలువైపులా చెదురుతున్నాయి

చెక్కను, ఇనుప భాగాన్ని కలిపి ఉంచే స్క్రూలు వదులయ్యాయి. ముందువైపు చెక్కకు ఇరుపక్కలా ఒక్కొక్కటి, ట్రిగ్గరు గార్డు దగ్గర ఒకటో రెండో ఉంటాయి. స్ప్రింగు రైఫిలు పేల్చిన ప్రతిసారీ మొదట వెనక్కి, ఆ వెంటనే ముందుకి కుదుపుతుంది; స్క్రూలు ఎంత బిగించినా కొన్నాళ్లకు వదులవుతాయి. పైగా హైదరాబాద్ వానలకు ఉబ్బిన చెక్క ఏప్రిల్ వచ్చేసరికి కుంచించుకుపోతుంది. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరుతో బిగించండి. చెక్క నలిగేంత బలం అక్కర్లేదు. టెలిస్కోపు ఉంటే దాని పట్టీల స్క్రూలు, లేకపోతే గొట్టం చివర ఉండే గురి కూడా కదిపి చూడండి. వచ్చే రైఫిళ్లలో చాలావాటి కథ ఇక్కడే ముగుస్తుంది.

సమస్య: చెదురు అడ్డంగా లేదు, నిలువుగా ఉంది

అసలు మోసం ఇక్కడుంది. ఎవరూ అనుమానించరు, ఎందుకంటే ఈ జబ్బున్న రైఫిలు ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది. చప్పుడు గట్టిగా వస్తుంది, పెల్లెట్టు రేకును లోతుగా కొడుతుంది, యజమాని పొంగిపోతాడు. మొదటి కొన్ని పెల్లెట్లు పైన పడతాయి, తరువాతవి మెల్లగా కిందికి దిగుతాయి. చెయ్యి అలసిందనుకుని గురి మరను (గురిని పైకీ కిందికీ సర్దే మరను) రెండు క్లిక్కులు తిప్పుతాడు. మర్నాడు మళ్లీ అన్నీ పైన. మళ్లీ తిప్పుతాడు. ఆ మరను తిప్పి తిప్పి అరగదీసినవాళ్లున్నారు.

జరుగుతున్నది ఇది. స్ప్రింగు తోసే పిస్టన్ ముందుకు దూకినప్పుడు దాని ముందున్న గాలి ఒక్కసారిగా నలిగి విపరీతంగా వేడెక్కుతుంది. అక్కడ నూనె ఉంటే డీజిల్ ఇంజనులో మాదిరిగానే అంటుకుంటుంది. ఎక్కువ మండితే పెల్లెట్టు వేగం ఎక్కువ, తక్కువ మండితే తక్కువ. సెకనుకు 200 మీటర్ల వేగంతో వెళ్లిన పెల్లెట్టు 10 మీటర్లు చేరేలోగా సుమారు 12 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. 150 మీటర్ల వేగమైతే జారుడు 22 మిల్లీమీటర్లు. తేడా ఒక సెంటీమీటరు. పోటీ టార్గెట్‌లో వలయానికీ వలయానికీ మధ్య ఎడం 2.5 మిల్లీమీటర్లే కాబట్టి నాలుగు వలయాలు దాటిపోయినట్టే.

‘చుక్క నూనె కూడా వేయలేదన్నా’ అంటారు. చాలామంది చెప్పేది నిజమే. వానాకాలం తుప్పు పట్టకుండా గొట్టం లోపల నూనె గుడ్డ దూర్చి, రైఫిలును బీరువా మూల గొట్టం పైకి ఉండేలా నిలబెడతారు. ఆ నూనె పెల్లెట్టు పెట్టే చోటికి దిగి, అక్కడున్న చిన్న రంధ్రం గుండా పిస్టన్ గదిలోకి చేరుతుంది. పై అంతస్తులో, స్లాబు కింది గదిలో, మే నెలలో అయితే స్ప్రింగుకు రాసిన గ్రీజు కూడా పలచబడి అటు చేరవచ్చు. ఇక నిజంగా వేసేవాళ్లకు ఆ సలహా పాతకాలం నుంచి వచ్చింది. పిస్టన్‌కు తోలు వాషరు ఉన్న రైఫిళ్లకు అప్పుడప్పుడు ఒకటి రెండు చుక్కలు కావాలి, లేకపోతే తోలు ఎండిపోతుంది. ప్లాస్టిక్ సీలు వచ్చాక కూడా కుట్టుమిషను నూనె సీసా మాత్రం చేతిలోంచి పోలేదు. కొందరైతే కొబ్బరినూనె కూడా వేస్తారు. దానికి నా దగ్గర మాటల్లేవు.

నిర్ధారణకు పరికరాలేమీ అక్కర్లేదు. ఒక్కో పెల్లెట్టు పడగానే రంధ్రం పక్కన పెన్సిలుతో వరుస సంఖ్య వేయండి. 1, 2, 3 పైన, 8, 9, 10 కింద ఉంటే అది మీ చెయ్యి కాదు. పేల్చాక గొట్టం వంచితే సన్నటి పొగ, మాడిన నూనె వాసన వస్తాయి. తెల్ల గుడ్డ ముక్క లోపలికి తోస్తే నల్లగా, జిడ్డుగా బయటికి వస్తుంది.

గొట్టాన్ని పొడి గుడ్డతో, ముక్క తెల్లగా వచ్చేదాకా తుడవండి. ఆ చిన్న రంధ్రాన్ని దూది చుట్టిన పుల్లతో శుభ్రం చేయండి. ఆ పని చేస్తున్నంతసేపూ, వంచిన గొట్టాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకోండి, ట్రిగ్గరు జారితే వేలు పోతుంది. రాత్రంతా పాత దినపత్రిక మీద గొట్టం కిందికి ఉండేలా ఆనించి ఉంచండి. మర్నాడు పొగ ఆగేదాకా పెల్లెట్లతోనే పేల్చండి. ఖాళీగా పేలిస్తే పిస్టన్ దెబ్బతింటుంది. గురి మరను అప్పటిదాకా ముట్టుకోవద్దు. చప్పుడు తగ్గితే బలం తగ్గిందని బెంగపడకండి, రైఫిలు అసలు చప్పుడు అదే. ఇకపై పడుకోబెట్టి దాచండి. ఇంత చేసినా పొగ ఆగకపోతే విప్పి గ్రీజు కడగాల్సిందే. లోపలి స్ప్రింగు నొక్కుడులో ఉంటుంది కనుక, దాన్ని పట్టి ఉంచే బిగింపు లేనివాళ్లు ఇంట్లో విప్పకూడదు. నిర్లక్ష్యం చేస్తే సీలు మాడుతుంది, తరువాత స్ప్రింగు విరుగుతుంది.

మిగతావి

పొగ లేకుండా నిలువు చెదురు, బలం కూడా తగ్గడం: గొట్టం మడిచే చోట రబ్బరు వలయం అరిగింది. ఆ అతుకు మీద టిష్యూ కాగితం ముక్క పెట్టి పేల్చండి. కాగితం ఎగిరితే వలయం మార్చండి, చవకే.

తల కొంచెం జరిపితే గురి మారడం: టెలిస్కోపు 100 గజాలకు సర్దినది. 10 మీటర్లకు సర్దుకునేది తీసుకోండి.

డబ్బా మారాక మొదలైన చెదురు: అంచులు నొక్కుకుపోయిన పెల్లెట్లు ఏరేయండి, పాత రకమే కొనండి.

గొట్టం వంచి ఉండగా ట్రిగ్గరు నొక్కేస్తే గొట్టం పైకి వంగిపోవచ్చు. అరుదు, వర్క్‌షాపు పని. గొట్టం లోపలి గాడులు అరిగాయన్న అనుమానం మాత్రం వదిలేయండి, సీసం ఉక్కును అంత తేలిగ్గా అరగదీయదు.